తెల్లకార్డు పట్టుకుని ఆసుపత్రికి

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టిన నాడు రేషన్ కార్డు పని చౌకదుకాణం గడప దగ్గరే ఆగింది. పాతికేళ్లు తిరక్కముందే అదే కార్డు గుండె ఆపరేషన్‌కు అనుమతి పత్రమైంది. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పేదలకు ఉచిత వైద్యమిచ్చే ఆరోగ్యశ్రీ పథకాన్ని ప్రారంభించినప్పుడు పేదలెవరో కొత్తగా లెక్క తీయలేదు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లే పేదలనుకుంది. వైద్యానికి కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, చాలకపోతే మరో యాభై వేలు. అంతకుముందు పెద్ద జబ్బు చేస్తే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవడమే దిక్కు గనుక, చేతిలో ఉన్న జాబితాను వాడుకోవడం అప్పటికి తెలివైన పనే. కానీ ఆకలి కోసం రాసిన జాబితాకు జబ్బును ముడేయడం వల్ల వచ్చిన చిక్కు విప్పడానికి మరో పన్నెండేళ్లు పట్టింది.

ఆ చిక్కేమిటో కార్డుల లెక్కలోనే కనబడుతుంది. ఆరోగ్యశ్రీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో దాదాపు 80 శాతానికి వర్తించిందంటే, అంతమందికి తెల్లకార్డులున్నాయన్నమాట. రేషన్ బియ్యం వండుకోని ఇళ్లూ కార్డు వదల్లేదు. దీన్ని జనాల అత్యాశగా చూసి బోగస్ కార్డుల ఏరివేతకు దిగిన అధికారులు అసలు లెక్క వేయలేదు: బియ్యం పోతే నెలకు కొన్ని వందల నష్టం, అదే కార్డుతో వచ్చే వైద్యమూ పిల్లవాడి ఫీజు రీయింబర్స్‌మెంటూ పోతే ఇల్లే గుల్ల. పైగా పేద రోగి ఎన్నడూ ఒక్క సేవతో సరిపెట్టుకోలేదు. 2005లో వచ్చిన 108 వాహనం ఎక్కాలి, నెట్‌వర్క్ ఆసుపత్రిలో దారి చూపే ఆరోగ్యమిత్రను వెతుక్కోవాలి, ఇంటికొచ్చాక బీపీ, షుగరు మాత్రలకు పీహెచ్‌సీకి నడవాలి, ముసలితల్లి పింఛను మీద ఇల్లు గడపాలి. పథకం కత్తికోతకు డబ్బిచ్చింది గానీ, మంచం మీదున్న రోజుల కూలిని 2019 డిసెంబరు దాకా పట్టించుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య ఆసరా పేరుతో కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా, అప్పుడే మొదలైంది.

ఆస్ట్రేలియా ఈ ముడి వేరుగా వేసింది. పెర్త్‌కు దక్షిణాన, ఆర్మడేల్ నగరపాలన కింద ఉన్న హారిస్‌డేల్‌లో శాశ్వత నివాసం దొరికిన తెలుగు కుటుంబానికి 1984 నాటి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వెంటనే వర్తిస్తుంది, ఆదాయం అడగరు. అదే కుటుంబం మందులు చవకగా ఇప్పించే, తక్కువ ఆదాయంవారి హెల్త్‌కేర్ కార్డు కావాలంటే మాత్రం మామూలుగా నాలుగేళ్లు ఆగాలి. కొత్తగా వచ్చినవారు ప్రభుత్వ సాయాలకు ఆగాల్సిన గడువు 1993లో 26 వారాలు, 1997లో రెండేళ్లు; ఈ కార్డుకు 2019 నుంచి నాలుగేళ్లు. పెంచుతూ పోవడం న్యాయమని అనను. ఒక్కటి మాత్రం గమనించదగ్గది: చవక మందుల కార్డు వాయిదా పడినా ప్రభుత్వాసుపత్రి తలుపు మూతపడదు.

విడి కార్డులంటే విడి క్యూలు కదా, పేదవాడిని మరింత తిప్పడమే కదా అని అడగవచ్చు. నిజమైన అభ్యంతరమే. అయితే కలపవలసింది కౌంటర్లను, అర్హతలను కాదు. ఆస్ట్రేలియాలో మెడికేర్‌నూ, సామాజిక భద్రతా సాయాలు చూసే సెంటర్‌లింక్‌నూ ఒకే ప్రభుత్వ సంస్థ నడుపుతున్నా నిబంధనలు దేనివి దానికే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయం కూడా ఆ పనికి పనికొచ్చేదే. వైద్యానికి ఆదాయ పరిమితి పెంచితే ఉన్నవాళ్లు ఎగబడతారన్నది రెండో అభ్యంతరం. నెలకు నలభై వేలు వచ్చే ఇంటికి బియ్యం అక్కర్లేకపోవచ్చు. గుండె ఆపరేషన్ బిల్లు ఆ ఇంటిని కూడా అప్పులోకి దించుతుంది. ఆకలికి గీసిన గీత జబ్బుకు సరిపోదన్నది ఇక్కడే తేలుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 చివర్లో బియ్యం కార్డునూ ఆరోగ్యశ్రీ కార్డునూ విడదీసింది. బియ్యానికి పల్లెలో నెలకు పదివేలు, పట్నంలో పన్నెండు వేల ఆదాయ పరిమితి పెట్టింది. వైద్యానికి ఏడాదికి అయిదు లక్షలు.