కాంప్లికేషన్ (చేతిగడియారం)

యాంత్రిక గడియారంలో గంటలు, నిమిషాలు, సెకన్లకు మించి మరో సమాచారాన్ని చూపే లేదా వినిపించే యంత్రాంగాన్ని కాంప్లికేషన్ అంటారు. నిత్యజీవితంలో అత్యంత ఉపయోగకరమైనది తేదీ. సాధారణ తేదీ చక్రానికి 31 పళ్లుంటాయి. 31 రోజులు లేని నెలల చివర చేత్తో సరిదిద్దాలి. మరో కాంప్లికేషన్ అయిన క్రోనోగ్రాఫ్ వ్యవధిని కొలుస్తుంది. తొలిదాన్ని లూయీ మొయినే 1816లో రూపొందించాడు.

చంద్రకళల యంత్రాంగంలో రెండు చందమామలు చిత్రించిన 59 పళ్ల చక్రం చాంద్రమాసాన్ని 29.5 రోజులుగా లెక్కిస్తుంది. అసలు సగటు 29.53 రోజులు కనుక సుమారు రెండేళ్ల ఏడు నెలలకు ఒక రోజు తేడా వస్తుంది; 135 పళ్ల చక్రంతో ఆ తేడా రావడానికి దాదాపు 122 ఏళ్లు పడుతుంది. తిథులూ హిజ్రీ నెలలూ పక్కపక్కనే నడిచే హైదరాబాద్ పాతబస్తీలో, పురానాపూల్ పరిసరాల్లో ఇది సార్థకమైన సౌకర్యం. అయితే రంజాన్ నెలవంకను కంటితో చూసి నిర్ధారించడానికి ఇది ప్రత్యామ్నాయం కాదు.

రెండో దేశపు సమయం చూపే జీఎంటీ ముల్లుకు భారత్‌లో ఒక పరిమితి ఉంది. దుబాయ్ గంటన్నర వెనుక ఉంటుంది. పూర్తి గంటల చొప్పున జరిగే ముల్లు ఆ అరగంటను చూపలేదు. గల్ఫ్‌లో బంధువులున్న కుటుంబాలకు ఇది చిన్న లోపం కాదు.

గంటలు కొట్టే యంత్రాంగాన్ని పెద్ద రూపంలో పురానాపూల్ వంతెనకు దిగువన మూసీ నది ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడవచ్చు. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ సరఫరా చేసిన అక్కడి సంగీత గడియారంలో ప్రతి గంటకూ ఒక బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది.