డ్రమ్ రికార్డింగులో రూమ్ మైకులు

డ్రమ్ కిట్‌కు కొన్ని అడుగులో కొన్ని గజాలో ఎడంగా, వాద్యం కంటే అది మోగుతున్న గదిని ఎక్కువగా వినడానికి పెట్టే మైకును రికార్డింగ్ ఇంజినీర్లు రూమ్ మైక్ అంటారు. స్నేర్‌కు రెండు మూడు అంగుళాల దగ్గర పెట్టేది క్లోజ్ మైక్. సింబల్స్ మీదుగా వేలాడదీసేది ఓవర్‌హెడ్. ఆ రెండూ డ్రమ్మరు చేతివాటాన్ని పట్టుకుంటాయి. దెబ్బ పడ్డాక గోడలు, నేల, పైకప్పు చేసే పనిని పట్టుకునేది రూమ్ మైక్. రికార్డు వింటున్నప్పుడు డ్రమ్స్ చెవి పక్కనే ఉన్నట్టు అనిపిస్తున్నాయా, హాలంతా నిండినట్టు అనిపిస్తున్నాయా అన్నది చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది. డ్రమ్ రికార్డింగు చరిత్రలో పెద్ద మలుపులన్నీ మైకు ఎంత దూరంలో ఉండాలన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుందన్నమాట. ఏడు మీటర్ల అవతల ఉన్న మైకుకు స్నేర్ దెబ్బ 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. దాని వెనకే గోడలకు తగిలి తిరిగొచ్చిన శబ్దాలు ఒకదాని మీద ఒకటి పడుతూ వస్తాయి. పొలంలో కొట్టిన డప్పుకూ, అదే డప్పు రాతి మండపంలో మోగడానికీ ఉన్న తేడా ఇదే. ముందుగా చెవిన పడిన శబ్దం దిక్కును చెబుతుందనీ, కాస్త వెనకగా వచ్చినవి విడిగా వినబడకుండా దానిలోనే కలిసిపోతాయనీ హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధనలో చూపించారు. ఆయన ప్రయోగాలు మాటల మీద చేసినవి. మాటకు ఈ కలయిక 30 మిల్లీసెకన్ల దాకా నిలుస్తుంది. డ్రమ్ దెబ్బ లాంటి పదునైన శబ్దానికి అంత వెసులుబాటు ఉండదు. అందుకే గాయకుడి మైకును అడుగు వెనక్కి జరిపితే పట్టించుకోని ఇంజినీరు కూడా రూమ్ మైకును జరిపేటప్పుడు ప్రతి అడుగూ విని చూస్తాడు.

బాకా నుంచి పెద్ద హాళ్ల దాకా

1925కు ముందు రికార్డింగుకు మైకు లేదు, బాకా ఉంది. వాద్యకారులందరూ ఒకే బాకా ముందు నిలబడితే, అందులోంచి వచ్చిన గాలి ఒత్తిడే మైనం మీద సూదిని కదిలించేది. బేస్ డ్రమ్ గట్టిగా మోగితే సూది గాడి తప్పేది. అందుకని డ్రమ్మర్లను బాకాకు దూరంగా కూర్చోబెట్టేవారు, లేదా పెద్ద డ్రమ్ములు పక్కన పెట్టించి చెక్క దిమ్మెల మీద వాయించమనేవారు. 1923లో కింగ్ ఆలివర్ బృందం చేసిన రికార్డుల్లో బేబీ డాడ్స్ వాయిద్యం అంత పలచగా వినబడడానికి కారణం ఇదే. న్యూ ఆర్లీన్స్ జాజ్‌లో మొదటి గొప్ప డ్రమ్మర్లలో ఒకరైన ఆయన నిండు వాయిద్యం ఆ రికార్డుల్లో మనకు దక్కలేదు. దూరం అప్పట్లో సూదిని కాపాడుకునే ఉపాయం మాత్రమే.

1925లో విద్యుత్ రికార్డింగు వచ్చింది. 1930లలో రిబ్బన్ మైకులు, 1949లో నాయ్‌మన్ సంస్థ యు47 వచ్చాయి. 1950లలో మంచి రికార్డింగు అంటే మంచి హాలు, అందులో సరైన చోట నిలబెట్టిన కొద్ది మైకులు. న్యూయార్క్ 30వ వీధిలో కొలంబియా సంస్థ ఒక పాత చర్చిని స్టూడియోగా వాడేది. దాని పైకప్పు దాదాపు 100 అడుగుల ఎత్తు. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959లో అక్కడే రికార్డయింది. అందులో డ్రమ్మరు జిమ్మీ కాబ్ సింబల్ తళుకు గాలిలో కరిగిపోయే తీరులో ఆ కప్పు ఎత్తు వినిపిస్తుంది. ఆ రోజుల్లో రూమ్ మైక్ అని ప్రత్యేకంగా పిలవాల్సిన అవసరం రాలేదు. ఒక వాద్యం కోసం పెట్టిన మైకులోకి మిగతా వాద్యాలూ, గదీ ఎలాగూ వచ్చిపడేవి.

గదిని వెళ్లగొట్టిన కాలం

రాక్ సంగీతం ఈ అమరికను తలకిందులు చేసింది. 1966 ఏప్రిల్‌లో లండన్‌లోని ఇఎంఐ స్టూడియోలో, బీటిల్స్ బృందం 'రివాల్వర్' ఆల్బమ్ మొదలుపెట్టినప్పుడు, ఇరవయ్యేళ్ల ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ రింగో స్టార్ బేస్ డ్రమ్‌లో ఉన్ని స్వెట్టరు కుక్కి, మైకును సంస్థ నిబంధనలు ఒప్పుకోనంత దగ్గరికి జరిపారు. ఆ శబ్దాన్ని ఫెయిర్‌చైల్డ్ కంప్రెసర్‌తో అణిచారు. ఆ ఆల్బమ్‌లోని 'టుమారో నెవర్ నోస్' పాటలో డ్రమ్స్ ఎదురుగా వచ్చి గుద్దినట్టు ఉంటాయి.

ఆపైన 16 ట్రాకుల టేపు యంత్రాలు, తర్వాత 24 ట్రాకులవి వచ్చాయి. ప్రతి డ్రమ్ముకూ ఒక మైకు, ప్రతి మైకుకూ ఒక ట్రాకు అన్న పద్ధతి స్థిరపడింది. ఒక ట్రాకులోది ఇంకో ట్రాకులోకి కారకూడదు కాబట్టి డ్రమ్మరును కార్పెట్ అతికించిన చిన్న గదిలో కూర్చోబెట్టారు. డ్రమ్ముల మీద తువ్వాళ్లు కప్పారు, టామ్‌ల అడుగు తోళ్లు ఊడదీశారు. 1970ల మధ్యనాటి అమెరికన్ రికార్డుల్లో ఎన్నింటిలోనో డ్రమ్ దెబ్బ పుట్టిన చోటే ఆగిపోతుంది. ఆ పొడి శబ్దానికి దాని అందం దానికుంది. కానీ వాయించేవాడి బలం మాత్రం ఆ తువ్వాళ్ల కిందే ఉండిపోయింది.

హెడ్లీ గ్రేంజ్ మెట్లు

గదిని వెళ్లగొట్టే ఆ ప్రవాహానికి ఎదురుగా నిలిచిన రికార్డు 1971లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని హ్యాంప్‌షైర్‌లో 1795లో పేదల ఆశ్రమంగా కట్టిన హెడ్లీ గ్రేంజ్ అనే ఇంట్లో లెడ్ జెపెలిన్ బృందం మకాం వేసింది. రికార్డింగు సరంజామా అంతా బయట నిలిపిన రోలింగ్ స్టోన్స్ మొబైల్ స్టూడియో వాహనంలో ఉంది. జాన్ బోనమ్ డ్రమ్ కిట్‌ను ముందరి హాల్లో, మెట్ల అడుగున వేశారు. ఇంజినీరు ఆండీ జాన్స్ రెండు బేయర్ ఎం160 రిబ్బన్ మైకులను పైఅంతస్తు మెట్ల దగ్గర, కిందికి చూసేలా అమర్చారు. బేస్ డ్రమ్‌కు విడిగా మైకు పెట్టలేదు. పై నుంచి వచ్చిన శబ్దాన్ని గట్టిగా కంప్రెస్ చేసి, బిన్సన్ ఎకోరెక్ యంత్రంతో ప్రతిధ్వని కలిపారు. టేపు వేగం తగ్గించడంతో శబ్దం ఇంకా బరువెక్కింది. అలా తయారైంది 'వెన్ ద లెవీ బ్రేక్స్' పాట మొదట్లో వినబడే డ్రమ్ వరస.

ఇందులో కంప్రెసర్ పాత్ర గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. కంప్రెసర్ శబ్దంలో గట్టిగా వచ్చిన భాగాన్ని కిందికి నొక్కుతుంది. ఆ తర్వాత మొత్తం స్థాయి పెంచితే, దెబ్బ వెనక మిగిలిన గది శబ్దం పైకి లేస్తుంది. క్లోజ్ మైకును కంప్రెస్ చేస్తే దెబ్బ మందమవుతుంది. రూమ్ మైకును కంప్రెస్ చేస్తే గదే దెబ్బతో పాటు ఊపిరి తీసి వదిలినట్టు పొంగుతుంది. బిల్ పట్నం రూపొందించగా 1967లో వచ్చిన 1176 లిమిటర్ ఈ పనికి ఎంతో ఇష్టమైన యంత్రమైంది. దాని మీది నాలుగు నిష్పత్తి బటన్లనూ ఒకేసారి నొక్కితే అది రూపకర్తలు అనుకోని రీతిలో, విపరీతంగా స్పందిస్తుంది. నేటికీ రూమ్ మైకు ట్రాకు మీద ఆ నాలుగు బటన్ల అమరికను వాడే ఇంజినీర్లు చాలామంది ఉన్నారు. బోనమ్ రికార్డును మోజుపడి అనుకరించినవారు చాలాసార్లు మెట్లను, మైకులను మాత్రమే చూశారు. అంత తూకంగా, ఏ డ్రమ్ము ఎంత మోగాలో కిట్ దగ్గరే తేల్చి వాయించే చెయ్యి లేకపోతే రెండు మైకుల పద్ధతి నిలబడదు. దూరపు మైకులో పడ్డాక ఒక డ్రమ్మును విడిగా పెంచడానికీ తగ్గించడానికీ దారి ఉండదు.

టౌన్‌హౌస్ రాతి గది

1977లో బెర్లిన్ గోడ పక్కనున్న హాన్సా స్టూడియో పెద్ద హాల్లో, డేవిడ్ బౌవీ 'హీరోస్' పాడుతున్నప్పుడు నిర్మాత టోనీ విస్కాంటి మూడు మైకులు పెట్టారు: ఒకటి 9 అంగుళాల దూరంలో, రెండోది 20 అడుగులు, మూడోది 50 అడుగులు. దూరపు రెండింటికీ నాయిస్ గేట్లు అమర్చారు. గొంతు ఒక స్థాయి దాటినప్పుడే ఆ గేటు తెరుచుకుని గది శబ్దాన్ని లోపలికి వదులుతుంది. అది గాత్రం కోసం చేసినదే అయినా, రెండేళ్ల తర్వాత డ్రమ్ముల్లో జరిగిన దానికి అతి దగ్గరి పూర్వరూపం.

1979లో లండన్ షెఫర్డ్స్ బుష్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో పీటర్ గేబ్రియల్ మూడో ఆల్బమ్ పని నడుస్తోంది. నిర్మాత స్టీవ్ లిల్లీవైట్, ఇంజినీరు హ్యూ ప్యాడ్గమ్, డ్రమ్స్ మీద ఫిల్ కాలిన్స్. ఆల్బమ్‌లో సింబల్స్ వద్దని గేబ్రియల్ ముందే షరతు పెట్టారు. డ్రమ్స్ వేసిన గదికి రాతి గోడలు. అందులో పైన ఒక మైకు వేలాడుతోంది. అది రికార్డింగుకు పెట్టినది కాదు. వాద్యకారులు కంట్రోల్ రూమ్‌లో ఉన్నవారితో మాట్లాడడానికి పెట్టిన టాక్‌బ్యాక్ మైకు. దూరంగా ఉన్నవారి మాట కూడా వినబడాలని ఎస్ఎస్ఎల్ సంస్థ కన్సోల్ ఆ మైకుకు చాలా తీవ్రమైన కంప్రెసర్ తగిలించింది. కాలిన్స్ వాయిస్తుండగా ప్యాడ్గమ్ ఆ మైకు తెరిచారు. స్పీకర్లలో డ్రమ్స్ విరుచుకుపడ్డాయి. ఆ మైకును టేపు మీదికి పంపే దారి కన్సోల్‌లో లేకపోవడంతో వైరింగు మార్పించారు. కన్సోల్‌లో ప్రతి ఛానెల్‌కూ ఉన్న నాయిస్ గేటును దానికి తగిలించడంతో పొంగిన గది శబ్దం మెల్లగా తగ్గకుండా టక్కున తెగిపోయింది. ఆల్బమ్‌లో మొదటి పాట 'ఇంట్రూడర్' ఆ శబ్దంతోనే మొదలవుతుంది.

సింబల్స్ వద్దన్న షరతు ఇందులో చేసిన మేలు తక్కువేమీ కాదు. సింబల్ మోత ఎంతసేపటికీ ఆగదు. కంప్రెసర్ దాన్ని పైకి లాగుతుంది, గేటు మూసుకోనివ్వదు. ఆ ఒక్క నిషేధం లేకపోతే ఆ గదిలో ఆ శబ్దం అంత శుభ్రంగా తెగేది కాదు. 1981 జనవరిలో కాలిన్స్ సొంత పాట 'ఇన్ ది ఎయిర్ టునైట్' విడుదలైంది. మూడు నిమిషాలకు పైగా అణిగిమణిగి నడిచాక ఒక్కసారిగా విరుచుకుపడే డ్రమ్స్‌తో ఈ పద్ధతి ప్రపంచమంతా తెలిసిపోయింది.

తర్వాత కొన్నేళ్లలోనే ఈ శబ్దానికి గది అక్కర్లేకుండా పోయింది. ఎఎంఎస్ సంస్థ ఆర్ఎంఎక్స్16 డిజిటల్ రివర్బ్ యంత్రంలో నాన్‌లిన్ అనే అమరిక ఉండేది. స్నేర్ ట్రాకును దానిలోకి పంపితే రాతి గదినీ గేటునూ పోలినది బయటికొచ్చేది. 1980ల పాప్ రికార్డుల్లో ఇది ఎంత విరివిగా వాడారంటే, దశకం ముగిసేసరికి ఆ శబ్దం వినగానే ఏ కాలం పాటో చెప్పేయగలిగేవారు. గదిలో ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ తేడా ఉంటుంది. యంత్రం ప్రతి దెబ్బకూ ఒకే తోక తగిలించింది. విసుగు పుట్టించింది ఆ ఏకరూపతే.

మళ్లీ గదిలోకి

ఆ ఏకరూపతకు గట్టి జవాబు అమెరికా స్వతంత్ర రాక్ బృందాల నుంచి వచ్చింది. ఇంజినీరు స్టీవ్ ఆల్బినీ పిక్సీస్ బృందానికి చేసిన 'సర్ఫర్ రోజా' (1988), మిన్నెసోటాలోని పాకిడెర్మ్ స్టూడియోలో నిర్వానాకు చేసిన 'ఇన్ యుటెరో' (1993) రెండూ గది శబ్దం మీద నిలబడ్డవి. ఆల్బినీ రూమ్ మైకులను ఎత్తున వేలాడదీయకుండా నేల మీద పెట్టేవారు. నేలకు ఆనుకున్న మైకుకు నేల నుంచి తిరిగొచ్చే శబ్దం విడిగా ఆలస్యంగా రాదు కాబట్టి స్వరం గుల్లబారదు. ఆ ట్రాకులకు 10 నుంచి 20 మిల్లీసెకన్ల డిజిటల్ ఆలస్యం కలిపేవారు. మైకులు మూడు నుంచి ఏడు మీటర్లు వెనక్కి జరిగినట్టు వినబడేది. ఇంత చేసినా డ్రమ్మరు వాయించినది మారకూడదన్నది ఆయన పట్టుదల. తనను నిర్మాత అని పిలవడం కూడా ఆయనకు ఇష్టముండేది కాదు. 1997లో షికాగోలో ఎలక్ట్రికల్ ఆడియో కట్టినప్పుడు గోడలకు అడోబ్ మట్టి ఇటుకలు వాడారు. ఒక ఇంజినీరు తన నమ్మకాన్ని గోడలుగా కట్టుకోవడం అంటే ఇదేనని అనిపిస్తుంది. 2024 మేలో ఆల్బినీ మరణించారు.

అదే తరంలో, కాలిఫోర్నియా వాన్ నైస్‌లోని సౌండ్ సిటీ స్టూడియోలో 1991లో రికార్డయిన నిర్వానా 'నెవర్‌మైండ్' డ్రమ్మరు డేవ్ గ్రోల్ దెబ్బలతో పాటు ఆ పెద్ద గదినీ కోట్లమందికి వినిపించింది.

నేటి పద్ధతులు

స్టీరియోలో రెండు మైకులు కిట్ నుంచి సమదూరంలో పెట్టడం అందరూ చేసేది. స్నేర్ రెండింటికీ ఒకేసారి అందాలని కొందరు తాడుతో కొలుస్తారు. సింబల్స్ ఎక్కువైతే మైకులను మోకాలి ఎత్తుకు దించుతారు, లేదా గోడవైపు తిప్పుతారు. సాధారణ రిబ్బన్ మైకు పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని పట్టదు కాబట్టి ఆ పక్కను కిట్‌వైపు తిప్పితే సూటిగా వచ్చే దెబ్బ తగ్గి గది మాత్రమే మిగులుతుంది. రిబ్బన్ మైకులు అధిక పౌనఃపున్య శబ్దాలను మెత్తగా తీసుకోవడం కూడా సింబల్స్ విషయంలో ఒక వరం.

2003లో ఎఫ్ఎక్స్‌ప్యాన్షన్ బిఎఫ్‌డి, 2006లో టూన్‌ట్రాక్ ఈజీడ్రమ్మర్ వంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాక, పెద్ద స్టూడియోల్లో ముందే రికార్డు చేసిన డ్రమ్ దెబ్బల్లో గది శబ్దం ఎంత కలపాలో మౌస్‌తో తేల్చుకోవచ్చు. ఎస్ఎస్ఎల్ తన పాత కన్సోల్‌లోని ఆ టాక్‌బ్యాక్ మైకు కంప్రెసర్‌ను సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేసింది. ఇంట్లో సొంతంగా డ్రమ్స్ రికార్డు చేసేవారికి మాత్రం అడ్డంకి పైకప్పే. ఎనిమిది అడుగుల కప్పు నుంచి శబ్దం మరీ త్వరగా తిరిగొచ్చి సూటి శబ్దంతో తలపడుతుంది, కొన్ని పౌనఃపున్యాలు పెరిగి కొన్ని చచ్చిపోతాయి. రూమ్ ట్రాకుకు కంప్యూటర్లో 20 మిల్లీసెకన్ల ఆలస్యం కలిపినా ఆ ఇరుకు పోదు, ఎందుకంటే మొత్తం ట్రాకు వెనక్కి జరుగుతుందే తప్ప ఒక ప్రతిఫలనానికీ ఇంకో ప్రతిఫలనానికీ మధ్య ఎడం పెరగదు. అందుకని అనుభవమున్నవారు గది తలుపు తెరిచి, మైకును వరండాలోనో మెట్ల దగ్గరో పెట్టి వింటారు.