మన మెట్ట సీమలో పాత జీపు పికప్పు: దాని చరిత్ర, దాని పునరుద్ధరణ

ఈ శతాబ్ది సంచికలో మన గుడులను గురించియు, బడులను గురించియు, ఆసుపత్రులను గురించియు పెద్దలు వ్రాయుచున్నారు. మేము ఒక బండిని గురించి వ్రాయబూనితిమి. చదువరులు నవ్వుకొనినను సరే, తుదివరకు చదువవలెనని మా మనవి.

కోవెలకుంట్ల వైపు ఒక పాస్టరేటు ఆవరణలో, వేపచెట్టు క్రింద, ఇరువది ఏండ్లకు పైగా కదలక నిలిచియుండిన విల్లీస్ పికప్పు ఒకటి కలదు. రిజిస్ట్రేషను పుస్తకము ప్రకారము అది 1968వ సంవత్సరపు బండి. మేము అక్కడికి బదిలీపై పోయిన సంవత్సరము దానిని తూకమునకు అమ్మివేయుదమని కమిటీలో ప్రతిపాదన వచ్చెను. పాత ఇనుము వ్యాపారి కాటాతో సహా వచ్చి నిలిచెను. అంతలో సంఘములోని ఒక వృద్ధురాలు ముందుకు వచ్చి, "జమ్మలమడుగు ఆస్పత్రికి పోయే దావలో నా పెద్దకొడుకు ఈ బండిలోనే పుట్టినాడు సామీ. దీన్ని కేజీల లెక్కన అమ్ముతారా?" అని అడిగెను. ఎవరును బదులు చెప్పలేదు. కమిటీవారు మాకు ఒక సంవత్సరము గడువిచ్చిరి. ఆ గడువులో బండి నడిచినయెడల ఉంచవలెను, నడువనియెడల అమ్మవలెను. ఆ సంవత్సరమున మేము నేర్చుకొనిన సంగతులే ఈ వ్యాసము.

జీపు మన సీమకు వచ్చిన విధము

రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండును కలిసి 6 లక్షలకు పైగా జీపులను తయారు చేసినవి. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ బండి పొలములకును, పల్లెలకును మళ్లినది. 1945 అక్టోబరు 2న మహీంద్రా అండ్ మొహమ్మద్ అను సంస్థ ఏర్పడెను. 1947లో అది విల్లీస్ బండ్లను విడిభాగములుగా ఓడలలో తెప్పించుట మొదలుపెట్టెను. 1948లో దాని పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారెను. 1949 జూన్ 3న బొంబాయి మజగాం కర్మాగారములో మొదటి జీపును కూర్చిరి. ఆ తరువాత క్రమముగా ఒక్కొక్క భాగమును మన దేశమందే తయారగుచు వచ్చినది.

మన ప్రాంతమునకు జీపు అధికారుల బండిగా వచ్చినది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన తరువాత బ్లాకు ఆఫీసులకు జీపులు వచ్చెను. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని ఆయెను. గుడారములలో కచ్చేరీలు నడిచిన ఆ మూడేండ్లలో పట్టణమునకు వచ్చిన మోటారు వాహనముల వెంట మెకానిక్కు షెడ్లును వచ్చినవి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయినను, పని నేర్చిన చేతులు ఇచ్చటనే నిలిచెను.

మన నల్లరేగడి సంగతి ఎల్లరకు తెలిసినదే. వాన పడినచో అది బంకయై చక్రములను పట్టుకొనును. కోవెలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతములలో వానకాలమున ఎద్దుల బండియు, కారును నిలిచిపోయిన చోట నాలుగు చక్రములకు ఇంజను బలము అందు జీపు ముందుకు పోగలిగెను. అందుచేత పల్లెలలో పనిచేయువారు ఆ బండినే కోరుకొనిరి.

మా పాస్టరేటులోనిది ఎఫ్.సి. 150 అను రకము. అమెరికాలో 1956 చివర పుట్టిన ఈ నమూనాను మహీంద్రావారు 1965 నుండి మన దేశమున తయారు చేసిరి. దీనికి ముక్కు లేదు. డ్రైవరు ముందు చక్రముల మీదనే కూర్చుండును. ఇంజను క్యాబినులోనే, సీట్ల నడుమ, రేకు మూత క్రింద ఉండును. కాబట్టి చిన్న బండికి పొడుగైన తొట్టి దొరికినది. మే నెలలో బయట కర్నూలు ఎండ, లోపల ఇంజను సెగ! మా చిన్నతనమున ఇట్టి బండిలో ఆ మూత ప్రక్కను కూర్చుండి మోకాలు కాల్చుకొనిన గుర్తు మాకింకను కలదు.

నేడు రాయలసీమ జీపు అనగానే సినిమాలలోని ముఠా కక్షలే జనులకు జ్ఞాపకము వచ్చును. అదే జీపు కాన్పు నొప్పులు పడు తల్లులను మోసినదనియు, కరువు దినములలో గింజల మూటలు మోసినదనియు చెప్పువారు తక్కువ.

సామాను ఎక్కడ దొరకును?

మొదట మాకు తెలిసిన శుభవార్త ఏమనగా, ఈ బండి ఇంజనును, గేరుబాక్సును సాధారణ జీపువే. ఇంజను పేరు హరికేన్, నాలుగు సిలిండర్లు, సుమారు 2,200 సి.సి. ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులోను, ఎగ్జాస్టు వాల్వులు బ్లాకులోను ఉండును. ఇవి దేశమంతట వేలకొలదిగా తిరిగిన ఇంజనులు గనుక సామాను ఇప్పటికిని దొరకును. క్యాబిను సంగతి వేరు. తలుపులు, అద్దపు రబ్బర్లు, బిగింపులు ఈ నమూనాకే ప్రత్యేకము. అవి దొరకుట మిక్కిలి కష్టము.

మన జిల్లాలవారికి పూర్వము ఒక సౌకర్యము ఉండెను. బొంబాయి, మద్రాసు రైలు మార్గము గుంతకల్లు, తాడిపత్రి, కడప, రేణిగుంటల మీదుగా పోవును. జీపు పుట్టిన ఊరు ఒక కొనను, దాని సామాను పుట్టిన ఊరు మరియొక కొనను ఉండెను. మద్రాసులో ఇండియా పిస్టన్స్ 1949లోను, లూకాస్ టి.వి.ఎస్. 1961లోను, బ్రేక్స్ ఇండియా 1962లోను ఏర్పడినవి. కాబట్టి మన మేస్త్రీలు కడపలో రాత్రి రైలెక్కి మద్రాసు పోయి సామాను కొనుట వాడుక. 1991కి ముందు విదేశీ సామాను దిగుమతి మీద గట్టి కట్టడులు ఉండెను గనుక, దొరకని దానిని లేతు మీద తామే చేసికొనిరి. మన షెడ్ల పనితనమునకు ఆ కొరతయే బడి.

మేమును ఆ దారినే పోయితిమి. చెన్నపట్టణపు పుదుప్పేట వీధులలో పాత బండ్ల సామాను గుట్టలుగా ఉండును. ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు మాకు చెన్నపట్టణములోనే దొరికినవి. సికిందరాబాదు రాణీగంజిలోను, హైదరాబాదు పుత్లీబౌలిలోను బేరింగులు, కరెంటు సామాను వెదకితిమి. 1966లో వెలసిన విజయవాడ ఆటోనగరులో లారీల క్యాబిన్లు కట్టువారిని ఆశ్రయించి, అద్దపు రబ్బరును కొలతకు కోయించుకొంటిమి. ఉత్తరాదిని హర్యానాలోని మండీ డబ్వాలీ పట్టణము సైన్యము వేలము వేసిన జీపులను మరల కట్టుటకు పేరుపడినది. అంతదూరము మేము పోలేదు.

అన్నిచోట్లను మేలే జరిగెనని చెప్పజాలము. ఒక నగరములో ఒక దుకాణమువారు కొత్త డబ్బాలో పాత వాటరు పంపును పెట్టి, రంగు వేసి, మాకు అంటగట్టిరి. రెండు వందల మైళ్లు వెనుకకు పోలేక ఆ నష్టమును మేమే భరించితిమి.

ఏటిలో పోయిన పుస్తకము

కర్నూలులో ఒక వృద్ధ మేస్త్రీ ఉన్నారని విని వారి ఇంటికి పోయితిమి. రాజధాని దినములలో పన్నెండేండ్ల పిల్లవాడుగా షెడ్డులో చేరిన ఆ సాయిబుగారికి ఇప్పుడు ఎనుబది దాటినది. చూపు దాదాపు పోయినది. మేము ఇచ్చిన బోల్టును వ్రేళ్లతో తడిమి, "ఇది కంపెనీది కాదు పాదరీ సాబ్, మరలు తేడా. ఎవడో లేతు మీద చేసినాడు" అని చెప్పిరి.

వారియొద్ద కంపెనీ పార్టు నంబర్ల పుస్తకమును, నలుబది ఏండ్లు వ్రాసికొనిన నోటుబుక్కులును ఉండెనట. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలును ముంచినప్పుడు షెడ్డుతో పాటు అవియు బురదలో కలిసిపోయెను. సామాను పోయినందుకు వారు అంతగా బాధపడలేదు. "ఇనుము మళ్లీ దొరుకుతాది. రాసుకున్నది దొరకదు" అనిరి.

ఆ మాట మాకు నాటుకొనెను. అది మొదలు నెలకు రెండు మార్లు వారి ఇంటికి పోయి, వారు చెప్పుచుండగా వ్రాసికొంటిమి. సిలిండరు కొలత మూడుమీద ఎనిమిదవ వంతు అంగుళములు. ఫైరింగు వరుస 1, 3, 4, 2. వాల్వుల సందు ఇన్‌టేకుకు అంగుళములో వెయ్యింట 18 వంతులు, ఎగ్జాస్టుకు 16. చక్రపు హబ్బు బేరింగు కోను 18590, కప్పు 18520. ఈ అంకెలను వారు పసిపిల్లలకు ఎక్కము చెప్పినట్లు చెప్పెడివారు.

వారి మాట వినక మేము చేసిన తప్పు ఒకటి చెప్పవలెను. పల్లెలోని ఒక కుర్ర మెకానిక్కు ఎడమవైపు చక్రము విప్పబోయి, పైపు వేసి బలముగా త్రిప్పి రెండు స్టడ్డులు విరుగగొట్టెను. పాత విల్లీస్ బండ్లలో ఎడమ చక్రముల నట్లు అపసవ్యపు మరలు గలవి. సాయిబుగారికి చెప్పగా చాలసేపు నవ్వి, "బండిదే తప్పు కాదు, పిల్లోడిదీ తప్పు కాదు. చెప్పేవాడు లేకపోవడమే తప్పు" అనిరి.

డీజిలా, పెట్రోలా?

1973 తరువాత చమురు ధరలు పెరుగగా జీపుల యజమానులు అనేకులు పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టించిరి. మహీంద్రావారును 1975 నుండి డీజిలు బండ్లు తెచ్చిరి. 1979లో ఫ్రాన్సు దేశపు పీజో కంపెనీతో డీజిలు ఇంజనుకై ఒడంబడిక చేసికొనిరి. ఆ విధముగా తీసివేసిన పెట్రోలు ఇంజనులే నేడు షెడ్ల మూలలలో మనకు సామాను నిధులు.

మా కమిటీలోను కొందరు డీజిలు పెట్టించుమనిరి. ఖర్చు విషయములో వారి మాట సత్యమే. కాని 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పాత వాహనములకు ప్రత్యేక నియమములు చేసినది. 50 ఏండ్లు దాటి, అసలు రూపము మారక, ఛాసిస్సును, బాడీని, ఇంజనును పెద్దగా మార్చని సొంత వాడకపు బండిని వింటేజి వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. క్రొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేండ్ల తరువాత మరల 5,000 రూపాయలు. పాత నంబరు ఉన్నచో దానినే ఉంచుకొనవచ్చును. అయితే అట్టి బండిని నిత్యపు పనికి గాని, కిరాయికి గాని నడుపరాదు. ప్రదర్శనలకును, పెట్రోలుకును, మరమ్మతుకును రోడ్డెక్కవచ్చును.

ఇక్కడ మేము చాల తర్జనభర్జన పడితిమి. మోయుటకే పుట్టిన బండి ఇక మూట మోయరాదని ఒప్పుకొనుట సులభము కాదు. తుదకు మోతకు ఆటో ట్రాలీలు కలవు గనుక, సాక్ష్యమునకు ఇది యుండవలెనని నిర్ణయించి పెట్రోలు ఇంజనునే ఉంచితిమి.

బండి కట్టువారికి కొన్ని సూచనలు

మొదట ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును వెదకి, గుడ్డతోను కిరసనాయిలుతోను తుడిచి, కాగితము పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసికొనవలెను. గ్రైండరు పెట్టరాదు. నంబరు పోయినచో బండి పుట్టుక పోయినట్లే.

చాలకాలము నిలిచిన ఇంజనును త్రోసిగాని, లాగిగాని స్టార్టు చేయబోరాదు. ప్లగ్గులు విప్పి ఆ రంధ్రములలో కొంచెము ఆయిలును, కిరసనాయిలును పోసి కొన్నాళ్లు నాననిచ్చి, చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. మా ఇంజను తొమ్మిదవ దినమున కదలినది.

బండిని ఒక్కసారిగా విప్పివేయరాదు. విప్పిన ప్రతి భాగమునకు చీటీ కట్టి, ఫోటో తీసి ఉంచవలెను. సిలిండరు కొలత తీయించిన పిమ్మటనే పిస్టన్లు కొనవలెను. దుకాణమునకు పాత భాగమును వెంట తీసికొనిపోవలెను. బేరింగుల మీద నంబరు చెక్కియుండును గనుక బండి పేరు చెప్పనక్కరలేదు, నంబరు చెప్పిన చాలును.

బ్రేకు సిలిండర్ల రబ్బర్లును, గొట్టములును ఎంత బాగుగా కనబడినను పాతవి వాడరాదు. ఈ దినములలో పెట్రోలులో ఇథనాలు 20 పాళ్ల వరకు కలియుచున్నది. అది పాత రబ్బరును మెత్తబరచును. కాబట్టి పెట్రోలు గొట్టములను, పంపు డయాఫ్రమును దానికి తాళు రకముతో మార్చవలెను.

ముగింపు

గడువుకు పదునొకండు దినములు ఉండగా బండి ఆవరణ దాటి రోడ్డెక్కెను. దోషము లేకపోలేదు. రెండవ గేరు ఇప్పటికిని అప్పుడప్పుడు జారుచున్నది. ఆ వృద్ధురాలు వచ్చి తలుపు మీద చేయి వేసి వాసన చూచి, "రంగు వాసన వస్తాంది. ఇది ఆ బండేనా సామీ?" అని అడిగెను. లోపల మేము మార్చక విడిచిన పాత ఇనుప బల్లను చూపితిమి. ఆమె ఎక్కి దాని మీద కూర్చుండెను.

సాయిబుగారు చెప్పిన సంగతులు నూట అరువది పుటల నోటుబుక్కు నిండినవి. దానికి మూడు ప్రతులు తీయించి, ఒకటి వారి మనుమనికి, ఒకటి పాస్టరేటు బీరువాకు ఇచ్చి, ఒకటి మాయొద్ద ఉంచుకొంటిమి. మూడును మూడు ఊళ్లలో ఉన్నవి. ఏరు మరల పొంగినను ఒకటైన మిగులును.

మన పాస్టరేటులలో, ఆసుపత్రుల షెడ్లలో, హాస్టళ్ల వెనుక ఇట్టి బండ్లు, జనరేటర్లు, నూనె ఇంజనులు ఇంకను ఉండవచ్చును. కాటా వానిని పిలుచుటకు ముందు నంబరు వ్రాసికొనుడు. దానిని నడిపినవారు, బాగుచేసినవారు బ్రతికియున్నచో వారి ఇంటికి పోయి, ప్రక్కను కూర్చుండి, వారు చెప్పునది వ్రాసికొనుడు. సామానుకు తొందర లేదు. ఆ పెద్దల కొరకు మాత్రము ఈ వారమే పోవలెనని మా విన్నపము.