సమ్మతితో వేసిన పన్ను

1990 మార్చి 11న చిలీలో పాట్రిసియో ఐల్విన్ అధ్యక్ష బాధ్యతలు చేపట్టారు. పదహారున్నరేళ్ల సైనిక పాలన ముగిసింది. కానీ ఆ పాలన నడిపిన నియంత పినోచెట్ సైన్యాధిపతి పదవి వదల్లేదు. 1998 దాకా అందులోనే ఉన్నాడు. రాజ్యాంగం అతని హయాంలో రాసిందే. నియమిత సెనేటర్ల అండతో సెనేట్‌లో పాత పాలన మద్దతుదారులదే పైచేయి. అలాంటి ఇరకాటంలో ఆర్థికవేత్త అలెహాండ్రో ఫాక్స్‌లే ఆర్థికమంత్రి అయ్యారు.

చిలీ అంతకుముందే ఆర్థికవేత్తల ఏలుబడి చూసింది. షికాగో యూనివర్సిటీలో చదివొచ్చిన ‘షికాగో బాయ్స్’ 1973 సైనిక తిరుగుబాటు తర్వాత ప్రభుత్వ సంస్థలు అమ్మారు, పింఛన్లను ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు. పార్లమెంటు లేదు, సంఘాల నోరు నొక్కేశారు. ఇక ఎవరిని ఒప్పించాలి? ఆ ఏలుబడిలోనే 1982లో జీడీపీ దాదాపు 14 శాతం కుంగింది.

ఆ సైనిక పాలనలోనే ఫాక్స్‌లే, ఆయన సహచరులు 1976లో సియెప్లాన్ అనే పరిశోధన సంస్థ పెట్టారు. రాజకీయం మాట్లాడితే ప్రమాదమైన రోజుల్లో వాళ్లు లెక్కలు మాట్లాడారు. ధరల పెరుగుదలను ప్రభుత్వ సూచీ తక్కువ చేసి చూపుతోందని ఆ సంస్థ తరఫున రెనే కొర్తాసార్, హోర్హే మార్షల్ మళ్లీ లెక్కగట్టి నిరూపించారు. సూచీ తగ్గితే కూలివాడి జీతం పెంపూ తగ్గుతుంది. సర్కారు అంకెను తప్పని అచ్చువేయడం ఆ కాలంలో ఎంత సాహసమో ఊహించండి. ఆ కొర్తాసారే 1990లో కార్మికమంత్రి అయ్యారు.

అధికారంలోకి రాగానే ఈ బృందం ఎత్తుకున్న పని పన్నుల పెంపు. ప్రతిపక్షంతో కూర్చుని బేరమాడి, సెనేట్‌లో నెగ్గించుకున్నారు. కంపెనీల పన్ను 10 నుంచి 15 శాతానికి, వ్యాట్ 16 నుంచి 18కి పెరిగింది. ఆ డబ్బు చదువుకీ వైద్యానికీ అని ముందే చెప్పారు. కార్మిక సంఘాలనూ యజమానులనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి కనీస వేతనం పెంచారు. 1987లో 45 శాతమున్న పేదరికం 1993కి 28 దగ్గరకొచ్చింది. ఆ ఏళ్ల వేగవంతమైన వృద్ధి వాటా ఇందులో పెద్దదే.

పింఛన్ల జోలికి మాత్రం పోలేదు. పేద వృద్ధులకు ప్రభుత్వ భరోసా ఇచ్చే పెద్ద సంస్కరణ 2008 దాకా రాలేదు. 2019 అక్టోబరులో శాంటియాగో మెట్రో టికెట్ 30 పెసోలు పెరిగితే జనం వీధికెక్కి, గొడవ 30 పెసోల గురించి కాదు, సైనిక పాలన ముగిశాక గడిచిన 30 ఏళ్ల గురించని నినదించారు. నా లెక్కలో ఫాక్స్‌లే బృందం పన్ను విషయంలో గెలిచింది, పింఛను విషయంలో బాకీ పడింది.