తిన్నింటి వాసాలు లెక్కపెట్టే కొలువు

బెర్లిన్‌లో అమెరికా వాళ్లు పెట్టిన రేడియోకు 2026 ఫిబ్రవరి 7తో 80 ఏళ్లు నిండాయి. రెండు మిత్రదేశాలు ఒకరి జర్నలిస్టులను ఒకరు పిలిచి పీట వేయడం గురించి రాయమని ఎడిటర్ గారు అడిగితే, నాకు మొదట గుర్తొచ్చింది ఆ స్టేషనే.

పరాయి దేశం కబుర్లకు గిరాకీ పాతదే. 16వ శతాబ్దంలో ఆగ్స్‌బర్గ్ ఫుగ్గర్ వర్తకులకు ఊరూరి నుంచీ చేతిరాత వార్తాలేఖలు వచ్చేవి. 1605లో స్ట్రాస్‌బర్గ్‌లో యోహాన్ కరోలస్ అలాంటివాటిని అచ్చువేసి అమ్మాడు. అక్కణ్నుంచి రెండున్నర శతాబ్దాలు ఒక్క గెంతులో దాటితే, లండన్‌లో అప్పులవాళ్లతో వేగుతూ న్యూయార్క్ ట్రిబ్యూన్‌కు యూరప్ సంగతులు రాసిపెట్టిన జర్మన్ ఒకాయన కనిపిస్తాడు. పేరు కార్ల్ మార్క్స్. జర్నలిస్టును పిలిచి ఏడాదిపాటు చదువుకొమ్మని డబ్బిచ్చే నీమన్ ఫెలోషిప్ హార్వర్డ్‌లో 1938లో మొదలైంది. ఆ తర్వాత యుద్ధం.

1946 నాటికి బెర్లిన్‌లో అమెరికా వాళ్లకు సొంత ట్రాన్స్‌మిటర్ కూడా లేదు. టెలిఫోన్ తీగల మీదే ప్రసారం నడిపారు. ఆ ఏడే ఆ స్టేషన్ పేరు రియాస్ అయింది. 1948లో సోవియట్లు నగరాన్ని దిగ్బంధించి కరెంటు కరువైతే, రియాస్ వ్యాన్లు మైకులు కట్టుకుని వీధివీధికీ వెళ్లి వార్తలు చదివాయి. మన పల్లెల్లో టముకు వేసినట్టన్నమాట.

నాకు మరీ ఇష్టమైన ఘట్టం 1953 జూన్ 16. అదే కూలికి పదో వంతు పని ఎక్కువ చెయ్యాలని తూర్పు జర్మనీ ప్రభుత్వం హుకుం జారీ చేసింది. తూర్పు బెర్లిన్‌లో స్టాలిన్ ఆలే వీధిలో మేడలు కడుతున్న తాపీ పనివాళ్లు పని ఆపేసి వీధికెక్కారు. వాళ్ల ప్రతినిధులు కొందరు రియాస్ గడప తొక్కి, సార్వత్రిక సమ్మెకు రేడియోలో పిలుపునివ్వమన్నారు. ఎదురుగా చీఫ్ ఎడిటర్ ఎగాన్ బార్, 31 ఏళ్ల జర్మన్. జీతం అమెరికాది, తలుపు దగ్గర నిలబడింది తనవాళ్లు. కుదరదన్నాడు. కానీ పంపెయ్యలేదు. కూర్చోబెట్టి, వాళ్ల డిమాండ్లను వరసలో పెట్టి రాశాడు: పని కోటా తగ్గించాలి, ధరలు తగ్గించాలి, స్వేచ్ఛగా రహస్య ఓటుతో ఎన్నికలు పెట్టాలి, సమ్మెలో ఉన్నవాళ్లను వేధించకూడదు. అవి గాలిలోకి వెళ్లాయి. మూడో ప్రపంచ యుద్ధం మొదలుపెట్టాలని ఉందా అని అమెరికన్ పైవాళ్లు నిలదీశారని బార్ తర్వాత చెప్పుకునేవాడు.

మర్నాడు తెల్లవారుజామున పడమటి బెర్లిన్ కార్మిక నాయకుడు ఎర్నస్ట్ షార్నోవ్‌స్కీ అదే మైకులో మాట్లాడాడు. సార్వత్రిక సమ్మె అన్న మాట ఎత్తలేదు. పనివాళ్లు కలుసుకునే కూడలి స్ట్రౌస్‌బెర్గర్ ప్లాట్స్ కాబట్టి, ఎవరి స్ట్రౌస్‌బెర్గర్ ప్లాట్స్‌కు వాళ్లు వెళ్లమన్నాడు. ఎంత గడుసుతనం! వందల ఊళ్లకు ఆ మాట అర్థమైంది. సాయంత్రానికి సోవియట్ ట్యాంకులు అణచివేశాయి. కనీసం 55 మంది పోయారు. బార్ మాత్రం ఆ అపరాధభావాన్ని, గర్వాన్ని రెండింటినీ 2015లో కన్నుమూసేదాకా మోశాడనిపిస్తుంది నాకు.

అక్కణ్నుంచి కథ చిందరవందర. 1988లో జర్మన్ జర్నలిస్టులను అమెరికా పంపే బర్న్స్ ఫెలోషిప్ వచ్చింది. ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్‌గా, తర్వాత బాన్‌లో రాయబారిగా చేసిన ఆర్థర్ బర్న్స్ పేరు పెట్టారు. మొదట జర్మన్లే వెళ్లేవారు, రెండేళ్లకు అమెరికన్లూ రావడం మొదలైంది. అవతలి దేశం న్యూస్‌రూమ్‌లో రెండు నెలలు పని. బెర్లిన్ గోడ కూలాక రియాస్‌కు పనిలేకుండా పోయింది. 1992లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం రాసుకుని, రియాస్ పేరు మీద రేడియో, టీవీ వాళ్ల రాకపోకలకు కమిషన్ పెట్టాయి.

ఇక 2018. స్పీగెల్ పత్రిక విలేఖరి క్లాస్ రెలోటియస్ మిన్నెసోటాలోని ఫెర్గస్ ఫాల్స్‌లో కొన్ని వారాలుండి ఆ ఊరి మీద కట్టుకథ అల్లాడని బయటపడింది. ఊరివాళ్లే ఇద్దరు కూర్చుని ఒక్కో అబద్ధం లెక్కతేల్చారు. అతను ఏ ఫెలోషిప్ మీదా వెళ్లలేదు. అయినా పరాయి దేశం ఊళ్లో మకాం వేసినంత మాత్రాన ఆ ఊరు తెలియదని రుజువు చేశాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు మన పెద్దలు. ఈ ఫెలోషిప్పుల్లో మాత్రం తిండి పెట్టి మరీ లెక్కపెట్టమంటారు. లెక్క తప్పు రాకుండా ఉంటే చాలు.

బెర్లిన్ షోనెబర్గ్‌లో రియాస్ పాత భవనంలో ఇప్పుడు డాయిచ్‌లాండ్‌ఫుంక్ కుల్టూర్ రేడియో ఉంది. పైన మాత్రం రియాస్ అక్షరాలు అలాగే ఉంచారు. బెర్లిన్ వెళ్లే మనవాళ్లు హాన్స్ రోజెంతాల్ ప్లాట్స్‌లో ఒక్కసారి తలెత్తి చూడండి.