సరిహద్దు పల్లెకు చిన్న విద్యుత్ కారు: కొనేముందు వేసుకోవలసిన లెక్కలు

ఇల్లు ఒక రాష్ట్రంలో, సంత మరొక రాష్ట్రంలో, వియ్యాలవారి ఊరు ఆ పై జిల్లాలో. హోసూరు, బళ్లారి, బరంపురం, రాయగడ, సిరొంచ, యానాం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఇది తరతరాల జీవనరీతి. రాకపోకలు ఎక్కువైన ఇంట పెట్రోలు ఖర్చు కూడా ఎక్కువే. అందువల్ల చిన్న విద్యుత్ కారు వైపు దృష్టి మళ్లడం సహజం. అయితే ఎనిమిది, పది లక్షలంటే పిల్లల చదువుకో పెళ్లికో కూడబెట్టిన సొమ్ము. ఆ సొమ్ము వెచ్చించేముందు తేల్చుకోవలసినవి ముఖ్యంగా మూడు: రోజుకు తిరిగే దూరం, ఇంటి విద్యుత్ సదుపాయం, రిజిస్ట్రేషన్ జరిగే రాష్ట్రం.

అందుబాటులోని కార్లు

విద్యుత్ కారు దక్షిణ భారతానికి కొత్త కాదు. బెంగుళూరులో తయారైన రేవా 2001లోనే రోడ్డెక్కింది. సీసపు బ్యాటరీలతో నడిచే ఆ బుల్లి కారు ఒక ఛార్జింగుకు సుమారు 80 కిలోమీటర్లు నడిచేది. నేటి కార్లలో లిథియం బ్యాటరీలు వచ్చాయి. 2022 సెప్టెంబరులో టాటా టియాగో విద్యుత్ కారు 8.49 లక్షల రూపాయల ప్రారంభ ధరతో విడుదలైంది. అప్పుడు అందులో 19.2, 24 యూనిట్ల సామర్థ్యం గల రెండు రకాల బ్యాటరీలు ఉండేవి. 2023 ఏప్రిల్‌లో ఎం.జి. కామెట్ 7.98 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. దాని బ్యాటరీ 17.3 యూనిట్లు. 2024 జనవరిలో టాటా పంచ్ విద్యుత్ కారు 10.99 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. ఇవి విడుదల నాటి షోరూమ్ ధరలు. బీమా, ఇతర ఖర్చులు కలిపిన మొత్తాన్ని డీలరు వద్ద కాగితం మీద రాయించుకోవాలి.

కామెట్ పొడవు మూడు మీటర్ల లోపే. తలుపులు రెండే, చక్రాలు 12 అంగుళాలవి. పట్టణపు ఇరుకు వీధులకు అది చక్కగా సరిపోతుంది. వృద్ధులను వెనుక సీటులో కూర్చోబెట్టి గుంతల దారిన ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన ఇంటికి నాలుగు తలుపుల కారే అనుకూలం.

చెప్పిన దూరం, నడిచే దూరం

కంపెనీలు ప్రకటించే దూరం ప్రయోగశాల పరీక్షలో లెక్కగట్టినది. చిన్న టియాగోకు విడుదల నాడు ప్రకటించినది 250 కిలోమీటర్లు. ఏసీ వేసి, నలుగురు కూర్చుని ప్రయాణిస్తే ప్రకటించిన దూరంలో మూడింట రెండు వంతులే లెక్కలోకి తీసుకోవడం క్షేమం. హోసూరు నుంచి బెంగుళూరుకు సుమారు 40 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి ఏ చిన్న కారైనా చాలు. బరంపురం నుంచి విశాఖపట్నం 250 కిలోమీటర్లకు పైమాటే. ఆ ప్రయాణంలో దారి మధ్య ఛార్జింగు తప్పదు.

దారిలో ఛార్జింగుకు వేగవంతమైన ఛార్జరు కావాలి. టియాగోకు ఆ సదుపాయం ఉంది. సరైన కేంద్రం దొరికితే 10 శాతం నుంచి 80 శాతానికి సుమారు గంటలో ఎక్కుతుంది. కామెట్ ఆ సదుపాయం లేకుండానే విడుదలైంది. తరచు దూరప్రయాణాలు చేసే కుటుంబం ఈ భేదాన్ని ధర కన్నా ముందు చూడాలి.

ఇంటి విద్యుత్తు

ఈ కార్లను ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గుతో ఛార్జి చేయవచ్చు. కామెట్, టియాగోలకు బ్యాటరీని బట్టి సుమారు ఏడు నుంచి తొమ్మిది గంటలు పడుతుంది. రాత్రివేళ కోతలు, తక్కువ వోల్టేజీ ఉన్న పల్లెలో ఈ వ్యవధి ఇంకా పెరుగుతుంది. పాత తీగలు, సరైన ఎర్తింగ్ లేని ప్లగ్గు ప్రమాదకరం. అర్హుడైన ఎలక్ట్రీషియన్ చేత విడిగా లైను వేయించి, ఇంటికి మంజూరైన లోడు చాలకపోతే విద్యుత్ కార్యాలయంలో పెంచమని దరఖాస్తు చేసుకోవాలి.

పొలం మోటారుకు ఇచ్చిన ఉచిత విద్యుత్తుతో కారు ఛార్జి చేయరాదు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను ప్రకారం అది అనధికార వినియోగం, జరిమానా పడుతుంది. ఇళ్లకు ఇచ్చే ఉచిత పథకాలలోనూ జాగ్రత్త అవసరం. 2023లో కర్ణాటకలో మొదలైన గృహజ్యోతిలో నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు చెల్లించవలసిందే. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు ఒక్కటే సుమారు 140 యూనిట్లు తీసుకుంటుంది.

లాభనష్టాల లెక్క

లీటరు పెట్రోలు 105 రూపాయలు, మైలేజీ 18 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు సుమారు 5.80 రూపాయలు. యూనిట్ 8 రూపాయలు, యూనిట్‌కు 7 కిలోమీటర్లు అనుకుంటే 1.15 రూపాయలు. అంటే కిలోమీటరుకు మిగిలేది సుమారు 4.65. పెట్రోలు కారు కన్నా విద్యుత్ కారుకు రెండున్నర లక్షలు అదనంగా పెట్టారనుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఆ అదనపు సొమ్ము సుమారు నాలుగున్నరేళ్లలో తిరిగి వస్తుంది. నెలకు 300 కిలోమీటర్లే తిరిగే ఇంటికి దాదాపు పదిహేనేళ్లు పడుతుంది. టియాగో బ్యాటరీకి విడుదల నాడు ఇచ్చిన హామీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. హామీ తీరాక బ్యాటరీ చెడిపోతే మిగిలినదంతా హరించుకుపోతుంది.

2024లో బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతి వచ్చింది. దాని కింద కామెట్‌ను 4.99 లక్షల ధరతో, కిలోమీటరుకు 2.50 రూపాయల అద్దెతో ప్రకటించారు. అద్దెకు విద్యుత్ ఖర్చు కలిపితే కిలోమీటరుకు 3.65 అవుతుంది. తిరగకపోయినా కట్టవలసిన కనీస అద్దె ఎంతో సంతకానికి ముందే అడిగి తెలుసుకోవాలి.

ఏ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్?

విద్యుత్ కార్లపై జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి దేశమంతటా 5 శాతమే. రోడ్డు పన్ను మాత్రం రాష్ట్రానికొక తీరు. తెలంగాణ 2024 నవంబరులో 2026 డిసెంబరు చివరి వరకు పన్ను మినహాయింపు ప్రకటించింది. పొరుగు రాష్ట్రంలో పన్ను లేదని అక్కడి చుట్టాల చిరునామాతో కారు కొనడం తెలివైన పని కాదు. వాహనం మామూలుగా ఉండే చోటనే రిజిస్టరు చేయించాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే 47వ సెక్షను ప్రకారం అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. అప్పుడు అక్కడి పన్ను కూడా కట్టవలసి రావచ్చు. తప్పు చిరునామా వల్ల బీమా క్లెయిములోనూ చిక్కులు తలెత్తవచ్చు. కొనేముందు తమ ప్రాంతపు రవాణా కార్యాలయంలో నాటి నిబంధన కనుక్కోవడమే మేలు.

కొనదలచిన కుటుంబం మొదట ఒక నెలపాటు తమ ప్రయాణాలన్నీ పుస్తకంలో రాసుకోవాలి. రోజూ ముప్పై, నలభై కిలోమీటర్లు తిరుగుతూ, రాత్రి నిలకడైన కరెంటు, దగ్గరలో సర్వీసు కేంద్రం ఉన్న ఇంటికి చిన్న విద్యుత్ కారు నిజంగా లాభమే. పెళ్లిళ్లకూ పండుగలకూ మాత్రమే కారు తీసే ఇంటికి ఆ సొమ్ము బ్యాంకులో ఉండడమే శ్రేయస్కరం.