మైకుసెట్టు ప్లేట్లు, పాలకొల్లు మాండొలిన్

జాజ్ ఫ్యూజన్ వినడం ఏ రికార్డుతో మొదలుపెట్టమంటారని ఈ మధ్య పాత ప్లేట్లు పోగేస్తున్న కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు. నా జవాబు ఒకటే: ‘ద బిలీవర్’. ‘రిమెంబర్ శక్తి’ బృందం 1999లో యూరప్‌లో తిరిగి చేసిన కచేరీల నుంచి ఏర్చి, వర్వ్ కంపెనీ 2000లో విడుదల చేసిన ఆల్బమ్ అది. గిటారు జాన్ మెక్‌లాక్లిన్, తబలా జాకిర్ హుస్సేన్, కంజీర, ఘటం, మృదంగం సెల్వగణేశ్, మాండొలిన్ మన పాలకొల్లు శ్రీనివాస్. తెలిసినవాళ్ళు చాలామంది మైల్స్ డేవిస్ ‘బిచెస్ బ్రూ’తో మొదలుపెట్టమంటారు. నేను అనను. అది గొప్పదే, ఎవరు కాదన్నారు. కాని రాగం, తాళం వింటూ పెరిగిన చెవిని తీసుకెళ్ళి ముందే అక్కడ కూర్చోబెడితే ఆ చెవి బెదిరి మళ్ళీ ఇటువైపు రాదు.

వేంసూరులో ఉండి జాజ్ గురించి నువ్వు చెప్పేదేంటని అడిగే హక్కు ఎవరికైనా ఉంది. నేను కచేరీలు చేసినవాణ్ణి కాను, సంగీతం చదువుకున్నవాణ్ణీ కాను. మా ఇంట్లో మైకుసెట్టు ఉండేది, అంతే. మా నాన్న, బాబాయి కలిసి నడిపారు. ఊళ్ళల్లో గ్రామఫోను ప్లేటు బతికిందంటే మైకుసెట్టు వాళ్ళ వల్లే. ఇళ్ళల్లో గ్రామఫోను పెట్టె ఉన్న మారాజులు ఊరికి ఒకరో ఇద్దరో. మిగతా జనం సంగీతం విన్నది చింతచెట్టుకి కట్టిన హారన్ నుంచే.

సామాను ఎక్కువేం కాదు. అహుజా ఆంప్లిఫయరు, ప్లేయరు, రెండు రేకు హారన్లు, వైరు చుట్టలు, లారీ బ్యాటరీ, రేకుపెట్టె నిండా ప్లేట్లు. ఎడ్లబండి మీద వేసుకుని మర్లపాడు, కందుకూరు, లింగపాలెం, ఎక్కడ పెళ్ళయితే అక్కడికి. ప్లేట్లు వేయడానికీ ఒక పద్ధతి ఉండేది. తెల్లవారుజామున ఘంటసాల భక్తిగీతాలు, భద్రాచలం దారిలో ఉన్న ఊళ్ళయితే బాలమురళి పాడిన రామదాసు కీర్తనలు. భోజనాల వేళకి సినిమా పాటలు. రాత్రి జనం కూడాక సినిమా సంభాషణల ప్లేట్లు. 1977 తర్వాత ‘దానవీరశూర కర్ణ’ సంభాషణలు వేయకపోతే డబ్బులు ఇచ్చేవాళ్ళు కాదు. ఘంటసాల భగవద్గీత ప్లేటు మాత్రం విడిగా, పెట్టె అడుగున. చావింట్లో తప్ప అది బయటికి తీయకూడదు. పెళ్ళింటికి వెళ్ళేటప్పుడు ఆ ప్లేటుని ఇంట్లోనే తీసి పెట్టి రమ్మనేది మా నాయనమ్మ.

ఎన్నికలొస్తే పండగే. అప్పట్లో వేంసూరు ఒక అసెంబ్లీ నియోజకవర్గం. మా దగ్గర గెలిచిన జలగం వెంగళరావు 1973 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. 1978 ఎన్నికలకి వేంసూరు పేరు పోయి సత్తుపల్లి నియోజకవర్గం వచ్చింది. మైకుసెట్లు ఆ పేరు మార్పుని పట్టించుకోలేదు, జీపు మీద హారన్ కట్టడమే వాటి పని.

మా తాత నాటి ప్లేట్లు కూడా ఆ పెట్టెలో కొన్ని ఉండేవి. నల్లగా, బరువుగా, చేయి జారితే పలక పగిలినట్టు పగిలేవి. ఆ 78 ఆర్‌పీఎం ప్లేట్లు వినైల్‌వి కావు, లక్కవి. లక్క పురుగు మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద వదిలే జిగురుని శుద్ధి చేసి, రాతిపొడి కలిపి, వేడి అచ్చుల్లో నొక్కి చేసేవారు. మన దేశంలో లక్కకి ఛోటా నాగపూర్ అడవులు పేరు. ప్లేట్ల ఫ్యాక్టరీ కలకత్తా పక్కన డమ్ డమ్‌లో. సత్తుపల్లి దాటి దమ్మపేట, అశ్వారావుపేట వైపు పోతుంటే మాఘం, ఫాల్గుణాల్లో ఎర్రగా విరబూసేది ఆ మోదుగే. లండన్లో, న్యూయార్క్‌లో తొలినాటి జాజ్ తిరిగిన ప్లేట్లలోని లక్కలో కూడా ఎక్కువ భాగం మన దేశం నుంచి ఓడలెక్కి వెళ్ళిందే. జాజ్‌కీ మనకీ సంబంధం ఏంటనేవాళ్ళకి నేను ముందు ఈ సంగతి చెబుతాను.

ఆ ప్లేట్లు ఎక్కువగా బెజవాడ కొట్లలో కొన్నవి. 1948 దాకా వేంసూరు నిజాం ఇలాకా. దక్షిణంగా పోతే కృష్ణా జిల్లా, ఇంగ్లీషువాళ్ళ పాలన. సరిహద్దు దాటే సరుకు మీద నిజాం ప్రభుత్వం కరోడ్‌గిరి సుంకం వసూలు చేసేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956లో ఆ గీత చెరిగిపోయింది, 2014లో మళ్ళీ పడింది. గీత ఉన్నప్పుడూ లేనప్పుడూ మా వైపు పాట మాత్రం తిరువూరు మీదుగానే వచ్చింది. రేడియో కూడా అంతే. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలయ్యాక, పొద్దున్నే భక్తిరంజని కోసం మా ఊరి చెవులు హైదరాబాదు కంటే అటే తిరిగి ఉండేవి.

ఇక్కడ ప్లేటు కొలతల గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఫ్యూజన్ అనేది ఆ కొలత మారాకే సాధ్యమైంది. పది అంగుళాల లక్క ప్లేటు ఒక పక్క మూడు నిమిషాలు, సాగదీస్తే ఇంకాస్త. గంటసేపు ఆలాపన చేయగల విద్వాంసులు కూడా ఆ మూడు నిమిషాల్లోనే రాగం, కీర్తన, స్వరం ముగించి లేవాలి. సినిమా పాటకి ఆ నిడివి అక్కడే అలవాటైంది, ఇప్పటికీ వదల్లేదు. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పన్నెండు అంగుళాల వినైల్ ఎల్పీ తెచ్చింది. పక్కకి ఇరవై నిమిషాల పైనే పడుతుంది. జాజ్ వాళ్ళకి, మన విద్వాంసులకి ఒకేసారి ఊపిరి ఆడింది. ఇద్దరికీ కావలసింది ఒకటే: అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడానికి జాగా.

ఆ జాగాని పూర్తిగా వాడుకున్న ప్లేటు ‘శక్తి’. 1975 జులై 5న న్యూయార్క్ రాష్ట్రంలోని సౌత్‌హాంప్టన్ కాలేజీలో జరిగిన కచేరీ. ఎల్పీగా 1976లో వచ్చింది. మెక్‌లాక్లిన్ ఇంగ్లండులోని యార్క్‌షైర్ మనిషి. మైల్స్ డేవిస్ దగ్గర వాయించి, 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి చెవులు దద్దరిల్లే కరెంటు గిటారు మోగించినవాడు. ఆ పేరంతా పక్కనపెట్టి, కర్రగిటారు పట్టుకుని ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం, రాఘవన్ మృదంగం పక్కన చాప మీద కూర్చున్నాడు. రెండో పక్క మొత్తం ఒకే పాట, దగ్గరదగ్గర ఇరవై తొమ్మిది నిమిషాలు. మా మైకుసెట్టులో అలాంటిది వేస్తే ‘పాట మార్చండయ్యా’ అని పెళ్ళివారు కర్ర పట్టుకుని వచ్చేవారు.

మెక్‌లాక్లిన్ గిటారు చూడండి. గిబ్సన్ కంపెనీ కోసం ఏబ్రహమ్ వెక్టర్ ప్రత్యేకంగా చేసినది. మీటే తీగలకి అడ్డంగా ఏడు శ్రుతి తీగలు, మెట్ల నడుమ చెక్కని గుల్లగా తొలిచిన మెడ. ఎందుకలా? తీగని లోపలికి నొక్కి, లాగి గమకం పలికించడానికి. మెక్‌లాక్లిన్ వీణ నేర్చుకున్నవాడు. వీణ మీద వేలికి దొరికే వెసులుబాటు గిటారు మీద కావాలనుకున్నాడు. మా వాళ్ళకి ఈ ముక్క చెప్పడం తేలిక. తిరువూరు దాటి విజయవాడ వైపు పోయేవాళ్ళు నూజివీడు ఎరుగుదురు. మామిడికాయలకే కాదు, వీణలకీ ఆ ఊరు పేరు. పనస చెక్కతో కుండ తొలిచి, మైనం మీద ఇత్తడి మెట్లు నిలబెట్టే పని ఆ ఊళ్ళో తరాలుగా ఉంది. మెట్టుకీ మెట్టుకీ నడుమ తీగ కింద ఖాళీ ఉంటుంది కాబట్టే వీణ గమకం పలుకుతుంది. అమెరికాలో గిటారు మెడ తొలిచిన మనిషికి కావలసింది ఆ ఖాళీయే.

ఇక పాలకొల్లు.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న అక్కడ పుట్టాడు. తండ్రి సత్యనారాయణ వాద్యకారుడు. ఆయన మాండొలిన్‌ని ఆరేళ్ళ పిల్లవాడు ఎత్తుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు ఆ పాటని తీగ మీద వెతుక్కునేవాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. ఆ వాద్యం మీద కర్ణాటక సంగీతం ఎలా వాయించాలో చూపించేవాళ్ళు లేరు కాబట్టి, గొంతు పలికిందల్లా తీగ పలికి తీరాలి. మామూలు మాండొలిన్‌కి జంట తీగలు, నాలుగు జతలు. జంట తీగని లాగితే గమకం సరిగా పలకదు. శ్రీనివాస్ ఒంటి తీగల కరెంటు మాండొలిన్ పట్టాడు, మంద్రం కోసం ఐదో తీగ చేర్చుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి పద్నాలుగేళ్ళు.

దీన్ని కొందరు వింతగా చూశారు, కొందరు ముఖం చిట్లించారు. పరాయి వాద్యం మీద త్యాగయ్య ఏంటని. ఆ మాటకొస్తే వయొలిన్ ఎవరిది? బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల దగ్గర నేర్చుకుని మన రాగాలకి వంచుకున్నది. ఆ తర్వాత వందేళ్ళకి ద్వారం వెంకటస్వామి నాయుడు విజయనగరం కాలేజీలో కూర్చుని వాయిస్తుంటే అది సీమ వాద్యమని ఎవరికీ గుర్తే లేదు. పెళ్ళి ఊరేగింపులో బ్యాండుమేళం కుర్రాడు క్లారినెట్ మీద మోహన పలికించి, ట్రంపెట్ మీద ఎన్టీఆర్ పాట ఎత్తుకుని, సైడ్ డ్రమ్ముతో తీన్మార్ కొట్టేది నేను ఊహ తెలిసినప్పటినుంచీ విన్నాను. ఆ కుర్రాళ్ళెవరూ తాము చేస్తున్నది ఫ్యూజన్ అనుకోలేదు. ఫ్యూజన్ పడమటివాళ్ళు కనిపెట్టి మనకి పంపారనే మాటని అందుకే నేను ఒప్పుకోను. వాళ్ళు దానికి మంచి స్టూడియో ఇచ్చారు, పెద్ద వేదిక ఇచ్చారు. అది వేరు.

శ్రీనివాస్ ఎల్పీ మా ఇంటికి 1980ల మధ్యలో వచ్చింది. అట్ట మీద మాండొలిన్ పట్టుకున్న పిల్లవాడు. బాబాయి విజయవాడలో కొన్నాడు. ఒక పెళ్ళిలో సుప్రభాతం అయిపోయాక దాన్ని వేశాడు. పాట లేదేంటని ఒకరిద్దరు గొణిగారు కాని, వంటలవాళ్ళు కూరలు తరగడం ఆపి విన్నారు. మా బాబాయికి ఆ తర్వాత ఎవరేమన్నా పట్టలేదు. 1990ల మొదటికల్లా క్యాసెట్టు వచ్చి ప్లేట్లని, ప్లేట్లతోపాటు మా వ్యాపారాన్నీ తుడిచిపెట్టేసింది.

‘ద బిలీవర్’ ఆ తర్వాతి కాలపుది, కాంపాక్ట్ డిస్క్ నాటిది. ప్లేట్లవాళ్ళకి డిస్కు సిఫారసు చేస్తావేంటని కోప్పడకండి. ఇలా వినండి. ముందు 1976 నాటి ‘శక్తి’ ఎల్పీలో ‘లోటస్ ఫీట్’ వినండి. నెమ్మదైన చిన్న పాట. వయొలిన్ మీద కమాను కదులుతున్నంతసేపూ నాదం నిలుస్తుంది, రాగం సాగుతుంది. తర్వాత అదే పాట ‘ద బిలీవర్’లో వినండి. మాండొలిన్‌ది మీటు నాదం. మీటిన మరుక్షణం నుంచే తగ్గిపోతుంది. ఆ తగ్గిపోయే కాస్త వ్యవధిలోనే శ్రీనివాస్ తీగని లాగి రెండు మూడు స్వరాల మీదుగా తీసుకెళ్ళి దింపుతాడు. మీటింది ఒకసారే, పలికింది మాత్రం ఒక పదం. నేర్పించిన గురువు పాడి నేర్పించాడు కదా, ఆ పాటే అది.

ఇంకో తమాషా ఉంది. గిటారు, మాండొలిన్ రెండూ మీటు వాద్యాలే. వేగం అందుకున్నాక ఎవరు వాయిస్తున్నారో మొదట్లో తెలియదు. పైస్థాయిలో సన్నగా పలికేది మాండొలిన్ అని పట్టుకోండి. ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకునే చోట మెక్‌లాక్లిన్ స్వరం నుంచి స్వరానికి దూకుతాడు, శ్రీనివాస్ జారుతాడు. వినగా వినగా ముసలాయన కూడా జారడం మొదలుపెడతాడు. ఇరవై ఏడేళ్ళు చిన్నవాడి దారికి ఆయన రావడం నాకు ఆ ఆల్బమ్‌లో అన్నిటికంటే ఇష్టమైన సంగతి. సెల్వగణేశ్ కంజీర గురించి ఒక్క మాట: వినాయక్‌రామ్ కొడుకు అనిపించుకున్నాడు.

దీని తర్వాతది ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’, 2001. అందులో శంకర్ మహదేవన్ గొంతులో త్యాగయ్య బంగాళ రాగ కృతి ‘గిరిరాజ సుత’ ఉంది. శ్రీనివాస్, మైకేల్ బ్రూక్ కలిసి రియల్ వరల్డ్ కంపెనీకి చేసిన 1995 నాటి ‘డ్రీమ్’ని చాలామంది మెచ్చుకుంటారు, నాకు అందులో స్టూడియో పొగమంచు ఎక్కువ, మాండొలిన్ తక్కువ అనిపిస్తుంది. ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ 1986ది, దొరికితే వదలొద్దు. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో పోయాడు, నలభై అయిదేళ్ళకే. శక్తి బృందం 2023లో తెచ్చిన ‘దిస్ మూమెంట్’ మొదటి పాటకి అతని పేరే పెట్టారు, ‘శ్రీనిస్ డ్రీమ్’ అని. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో జాకిర్ హుస్సేన్ కూడా పోయాడు.

చివరిగా సత్తుపల్లి, కల్లూరు, తిరువూరు, చింతలపూడి వైపు పాత మైకుసెట్ల ఇళ్ళవాళ్ళకి ఒక మనవి. అటక మీద రేకుపెట్టె ఉంటే పాత సామాన్ల వాడికి తూకానికి వేయకండి. ప్లేట్లని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టండి, ఎండ తగలనీయకండి. లక్క ప్లేట్లకి స్పిరిట్ రాయొద్దు, కరిగిపోతాయి. ప్లేయరు లేదని బాధపడక్కర్లేదు, నా దగ్గర పనిచేసేది ఒకటుంది. తెచ్చుకోండి, వేసి విందాం.